పక్క సీటు

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయింది. చాగలమర్రిలో ఉండే చెల్లెలు మొన్న నంద్యాలకు వచ్చి చెప్పింది. "మట్టి చేసి నాలుగు దినాలాయ గదక్కా. నీకెవురూ చెప్పల్యా?" అంది. నాకెవరు చెబుతారు? నేను ఆమెను చూసే ఏడేళ్లు దాటింది.

ఆళ్లగడ్డ హైస్కూల్లో ఆమె మాకు వారానికొక ఇంగ్లీషు మాట ఇచ్చేది. దాన్ని ఊళ్లో ఎవరెవరు ఎట్లా వాడుతున్నారో విని రావాలి. ఒక వారం 'సీటు' ఇచ్చింది. సైకిల్ షాపులో సీటు చిరిగింది. టీ అంగట్లో ఎలక్షన్ సీటు ఎవరికని కొట్లాట. మా మేనమామ కొడుక్కి కాలేజీ సీటు రాలేదు. అన్నీ బోర్డు మీద రాసి, "సూడండి, మన ఊరోళ్లకే ఇంత ఇంగ్లీషు వచ్చు. మీకేంటికి భయం? మాట కావల్లంటే మనుషుల కాడికి పోండి" అనేది.

ఆమె దగ్గరికి మాత్రం ఎవరూ పోయేవాళ్లు కాదు. పెళ్లి చేసుకోలేదు. ఒంటి గదిలో కాపురం.

ఆదివారం పొద్దున నంద్యాల చర్చికి బస్సెక్కేది. నంద్యాలలో కాలేజీలో చేరాక నేను హాస్టలుకు తిరిగి వెళ్లేదీ ఆ బస్సులోనే. తను ముందే ఎక్కి, పక్కన చేతిరుమాలు వేసి నాకు సీటు ఆపేది. వారమంతా నోరు కట్టుకున్నట్టు దారి పొడుగునా మాట్లాడేది. నాకూ ఇష్టంగానే ఉండేది.

ఆ బస్సు ఎందుకు మానుకున్నానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం ఆళ్లగడ్డ బస్టాండులో కాలేజీ స్నేహితురాళ్లు ఇద్దరు కలిశారు. టీచరమ్మ కిటికీలోంచి చెయ్యూపి నన్ను పేరు పెట్టి పిలిచింది.

"ఎవురే ఆయమ్మ?" అని నవ్వారు వాళ్లు.

"నాకు తెల్దు" అన్నాను. సిగ్గులేని నోరు. వాళ్లతోపాటు వెనక డోరులో ఎక్కి అక్కడే నిలబడ్డాను.

బస్సు కిక్కిరిసింది. "ఎవురూ ల్యాకపాయె గదమ్మా, రుమాలు తీ" అని ఎవరో కసిరారు.

"ఉండప్పా, మా పిల్ల ఎక్కింది. వస్తాది."

సగం దారి దాకా ఆ మాటే చెప్పింది. తర్వాత రుమాలు తీసి మడత పెట్టుకుంది.

నంద్యాలలో నేను వెనక నుంచి దిగి, ఇంకో బస్సు చాటుకు పోయాను. ఆమె ముందు డోరు దగ్గర నిలబడి, దిగేవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తూ ఉంది. డ్రైవరు కూడా దిగిపోయాక, మెట్టెక్కి ఖాళీ బస్సులోకి తొంగి చూసింది.