వెంకటస్వామి గారి పిండిముద్దలు

చిలకలపూడిలో వెంకటస్వామి గారింటికి వెళ్ళేవాళ్ళు ఇనుప వస్తువేదీ వెంట పట్టుకెళ్ళకూడదు. ఏ ఇనుము కంటబడినా, అందులో ఆయనకి నగల్లో రాళ్ళు పొదిగే పనిముట్టే కనిపిస్తుంది. పనిముట్టు బజార్లో కొనడమంటే ఆయన లెక్కలో ఇంట్లో పొయ్యి పెట్టుకుని పక్కింట్లో అన్నం అడుక్కున్నంత నామర్దా.

ఓసారి ఆయన భార్య ఇందిరమ్మ తమ్ముడు ప్రకాష్ గుడివాడ నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. భోంచేసి బయటికొచ్చి చూస్తే వెనక చక్రం అదోలా ఉంది.

"బావా, చక్రంలో పుల్లలేవీ?"

"రెండే తీశానోయ్. కంపెనీవాడు ఎక్కువ పెట్టాడు."

"దారిలో చక్రం వంగితే?"

"నెమ్మదిగా వెళ్ళు. బస్సుని దాటాలని నీకెందుకంత పట్టుదల?"

అలా తీసిన పుల్లని గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి, గట్టిపడడానికి నూనెలో ముంచుతారు. ఆ నూనె ఇందిరమ్మ అప్పడాలు వేయించుకుందామని మూకుట్లో పోసుకున్నది. తర్వాత మొన అరగదీసి, జారకుండా చిన్న గాడి కోసి, చెక్క పిడి బిగిస్తారు. రాయి చుట్టూ ఉండే సన్నటి లోహపు పళ్ళని ఆ మొనతో ఒక్కొక్కటే రాయి మీదికి వంచాలి. అంతే పని. ఆ కాస్త పని కోసం ఆ ఇంట్లో మూడు అట్లకాడలు, ఒక గొళ్ళెం, కుట్టు మిషను తాలూకు ఏదో కడ్డీ మాయమయ్యాయి.

"బజార్లో దొరుకుతాయి కదండీ!" అనేది ఇందిరమ్మ.

"బజార్లో చెప్పులూ దొరుకుతాయి. ఊరందరం ఒకే సైజు వేసుకుంటున్నామా?"

ఈ పిచ్చి వల్ల బాగుపడ్డది పక్కింటి నవ్య ఒక్కతే. ఆయన బల్ల దగ్గరే కూర్చుని పని నేర్చుకుంది. నాట్యం చేసేవాళ్ళు కూచిపూడి నుంచి తలకి పెట్టుకునే నగలు, తలసామాను చేయించుకోవడానికి వస్తే, రాళ్ళు మాత్రం నవ్యే పెట్టాలని పట్టుబట్టేవాళ్ళు. కిందటి వానల్లో స్కూటీ మీంచి పడి ఆ పిల్ల కుడిచేతి వేళ్ళు రెండు విరిగాయి. ఎముకలు అతుక్కున్నాయి గాని పిడికిలి బిగియడం లేదు. పనిముట్టు పట్టుకుంటే జారిపోతోంది. అప్పట్నుంచి ఆ చెయ్యి చున్నీ కిందే ఉంటుంది. ఎవరైనా "ఏదీ, చూపించు" అంటే చాలు, లేచి వెళ్ళిపోతుంది. గుడివాడలో బట్టల దుకాణంలో ఉద్యోగం కూడా చూసుకుంది. "నాకిష్టమే అత్తయ్యా" అంటూనే ఆ పిల్ల రాళ్ళ బల్లకేసి చూడడం ఇందిరమ్మ కంటపడింది.

వెంకటస్వామి గారికి మాత్రం ఇవేవీ పట్టినట్టు లేదు. ఆయనకి ఆ వేసవిలో కొత్త పిచ్చి పట్టుకుంది. పనిముట్టుకి ముఖ్యం మొన కాదు, పిడి అని తేల్చారు. పిడి అన్నది పట్టే చేతి కొలతకి ఉండాలి. అందుకని ఇంటికి ఎవరొచ్చినా, కాఫీ కంటే ముందు చపాతీ పిండి ముద్ద చేతిలో పెట్టి గట్టిగా నొక్కమనేవారు. ఒక చేత్తో నొక్కితే వదిలేవారు కాదు. రెండో చెయ్యి కూడా నొక్కాల్సిందే.

గ్యాసు బండ తెచ్చే రాము నొక్కాడు. మీటరు చూడ్డానికొచ్చినతను నొక్కాడు. ముదినేపల్లి చేపల చెరువుల గోవర్ధనరావు గారు మనవరాలి డాన్సుకి వడ్డాణం పురమాయించడానికొచ్చి, ఉంగరాలు తీసి జేబులో వేసుకుని మరీ నొక్కారు.

"ఇది చిలక జోస్యం లాంటిదా స్వామీ?"

"కాదండీ. మీ బొటనవేలు పొట్టిది. రాళ్ళు పెట్టే యోగం మీకు లేదు."

"నాకెందుకండీ ఆ యోగం? వడ్డాణం ఎప్పుడిస్తారు?"

"ముందు రెండోది నొక్కండి."

ముద్దలన్నీ కిటికీ గట్టు మీద ఎండుతూ ఉండేవి. చీమలు పండగ చేసుకునేవి. ఇందిరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"చపాతీలకని కలిపిన పిండిని ఊరంతా పిసుకుతోంది. అవతల నవ్య వెళ్ళిపోతోంది. మీ శిష్యురాలే కదా, వెళ్ళకే అని ఓ మాట అనలేరా?"

"అంటే చేతికి పట్టొస్తుందటే? ఇవాళ పిండి కాస్త గట్టిగా కలుపు."

ఆవిడ ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. పిండి మాత్రం గట్టిగానే కలిపింది, కోపంలో.

మర్నాడు నవ్య వచ్చింది, వచ్చే నెల వెళ్తున్నానని చెప్పడానికి. మాట పూర్తికాకుండానే ముద్ద చేతిలో పడింది. నవ్వుతూ ఎడమచేత్తో నొక్కి ఇచ్చింది.

"రెండోది."

నవ్య నవ్వు ఆగిపోయింది. "నాదెందుకులెండి మావయ్యగారూ."

"గోవర్ధనరావు గారు నొక్కారు. మీటరతను నొక్కాడు. నీకొక్కదానికే వేరే రూలు పెడితే వాళ్ళు ఊరుకుంటారా?"

ఇందిరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నవ్య కిటికీ వైపు చూసింది. అక్కడ ఒక్క ముద్దా తిన్నగా లేదు. రాముది పక్కకి ఒరిగింది, గోవర్ధనరావు గారిది అప్పచ్చిలా అణిగిపోయింది. నవ్య మెల్లగా చున్నీలోంచి చెయ్యి తీసి నొక్కింది. ఆయన ఆ చేతికేసి చూడనైనా చూడలేదు. ముద్ద తీసుకుని అందరివాటి పక్కనే పెట్టి, "ఏమే, కాఫీ!" అని కేకేశారు.

సాయంత్రం ఇందిరమ్మ చూస్తుండగానే ఆయన గట్టు మీది ముద్దలన్నీ ఊడ్చి గేదెల కుడితిలో పడేశారు. ఒక్కటి మాత్రం అరచేతిలో పెట్టుకుని బల్ల దగ్గరికి నడిచారు.

ఇందిరమ్మకి అప్పుడు అర్థమైంది.

"దీనికోసం ఊరందరిచేతా నొక్కించారా?"

"ఆ పిల్ల ఒక్కదాన్నే అడిగితే ఇచ్చేదా?"

పెడన నుంచి తెచ్చిన పాత కలంకారీ అచ్చు ఒకటి ఇంట్లో ఉంది. మంచి టేకు. దాన్ని కోసి, ముద్ద మీద పడిన ప్రతి నొక్కుకీ చెక్క మీద ఓ గుంట తీసి పిడి చేశారు. వంగని వేళ్ళు ఆనుకోవడానికి ఓ పక్క కొమ్ములా చిన్న ఎత్తు ఉంచారు. చూడ్డానికి అది పనిముట్టులా లేదు, అల్లం కొమ్ములా ఉంది. దాని మొనకి ఇనుము కావాలంటే ఇందిరమ్మ కొత్త అట్లకాడ తనే తెచ్చి చేతికిచ్చింది. ఆయన బిత్తరపోయారు.

ప్రయాణానికి ముందురోజు నవ్య వస్తే, "ఇది కాస్త చూసిపెట్టు, నా చేతికి కుదరట్లేదు" అని అందించారు.

నవ్య పట్టుకుంది. వేళ్ళు వాటంతట అవే గుంటల్లోకి వెళ్ళి కూర్చున్నాయి. ఆ పిల్ల బల్ల దగ్గర కూర్చుని, సగంలో ఉన్న వడ్డాణం ముందుకి లాక్కుంది. మొదటి రాయి ఎగిరి మంచం కిందికి పోయింది. రెండోది కదిలింది. మూడోదానికి పళ్ళు ఒక్కొక్కటే వంగి, రాయి గట్టిగా కూర్చుంది. గోరుతో మీటి చూసింది. కదల్లేదు.

వెంకటస్వామి గారు ఊపిరి కూడా తీసుకోకుండా మీదికి వంగి చూస్తున్నారు. ఇందిరమ్మ పమిట కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. ఇద్దరూ ఆ పిల్ల నోటి నుంచి ఓ మాట కోసం ఎదురుచూస్తున్నారు.

నవ్య తలెత్తకుండానే నాలుగో రాయి తీసుకుంది.

"మావయ్యగారూ, కాస్త అటు జరగండి. వెలుతురికి అడ్డమొస్తున్నారు."