శనివారం రుచి చూసే మనిషి

నా పెళ్లాం పంకజాక్షి చేసే చికెన్ ఎగ్ రోల్ గురించి చిత్తూరులో మా వీధివాళ్లు ఎవరినడిగినా చెబుతారు. నన్ను మాత్రం అడక్కండి. దాని పేరెత్తితే నాకు తల దించుకోవాలనిపిస్తుంది. అయినా ఎవరో ఒకరు చెప్పాలి కదా, తప్పు చేసినవాడే చెప్పడం న్యాయం.

ఆమె తొమ్మిదేళ్లు ఒక బేకరీ వెనక వంటగదిలో మైదా పిసికింది. పేరు ఓనరుది, చెయ్యి ఈమెది. తర్వాత ఇంట్లోనే పుట్టినరోజులకూ, చిన్న చిన్న పార్టీలకూ రోల్స్ చేసివ్వడం మొదలుపెట్టింది. గుడ్డు, మైదా కలిపి పెనం మీద పల్చటి రేకులు పోస్తుంది. ఉడికించిన కోడిమాంసాన్ని పీచులుగా తీసి, ఉల్లిపాయ, క్యాబేజీ, పచ్చిమిరప, దండిగా మిరియాలు, సోయా సాస్ వేసి పొడిపొడిగా వేయిస్తుంది. దాన్ని రేకులో పెట్టి చుట్టి, గుడ్డు సొనలో ముంచి, నలిపిన సేమ్యాలో దొర్లించి నూనెలో వేస్తుంది. బ్రెడ్డు పొడి అయితే కాసేపటికే మెత్తబడుతుందట, సేమ్యా అయితే గంట తర్వాత కూడా కరకరలాడుతుంది. ఇది ఎవరూ నేర్పింది కాదు, ఆమె బుర్రలో పుట్టిందే.

ఒక్కటే చిక్కు. పార్టీలన్నీ ఆదివారాలే. కాబట్టి శనివారమే కూర వేయించి, చుట్టి, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. శనివారం మా ఇంట్లో నీచు తినం, ఏడుకొండలవాడి వారం. పంకజాక్షి బతుకుతెరువు కోసం వండుతుంది గానీ నోట్లో పెట్టదు. మరి ఉప్పు చూసేదెవరు? ఎదురింటి ఏబెల్. కరెంటు లైన్‌మన్‌గా రిటైరైనవాడు, భార్య పోయాక ఒంటరిగా ఉండేవాడు. శనివారం సాయంత్రమైతే గిన్నెలో రెండు చెంచాల కూర నేనే తీసుకెళ్లేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకుని నమిలి, ఇంకొంచెం ఉప్పు పడుతుందనో, మిరియాలు చాలనో తీర్పు చెప్పేవాడు. ఆయన ఊ అనేదాకా పంకజాక్షి ఒక్క రేకు కూడా చుట్టేది కాదు.

ఇలా ఉండగా పూతలపట్టు కూడలి దగ్గర ఫంక్షన్ హాలు నడిపే యోగానంద గారు మనవరాలి పుట్టినరోజుకి మూడు వందల రోల్స్ చెప్పారు. వచ్చినవాళ్లు మెచ్చుకుంటే హాలు వంటగది పంకజాక్షికే అప్పగిస్తానని మాట కూడా ఇచ్చారు. ఒకరి పొయ్యి ముందు తొమ్మిదేళ్లు నిలబడిన మనిషికి తన పొయ్యి దొరకబోతోంది. ఆ వారమంతా ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

నాకేమో ముక్కు మీద కోపం. ఆ గురువారం ఏబెల్ ఇంటికి చర్చివాళ్లు నలుగురు వచ్చారు. నా ఆటో ఆయన గేటుకి అడ్డంగా ఉంది. మునిచంద్రా, బండి కొంచెం పక్కకి పెట్టుకోప్పా అన్నాడు, అంతే. ఇంతకన్నా మెత్తటి మాట లోకంలో ఉండదు. నలుగురి ముందు అన్నాడని నాకు ఒళ్లు మండింది. ఇక ఆయన గడప తొక్కనని నాకు నేనే శపథం చేసుకున్నాను. చూడండి ఎంత మగాణ్ణో!

శనివారం సాయంత్రం పంకజాక్షి గిన్నె నా చేతికిస్తూ, "సోయా సాస్ కొత్త సీసా. యాభైకైతే నా చేతికి తెలుసు, మూడొందలకి తెలీదు. అన్నను బాగా సూసి చెప్పమను" అంది.

గిన్నె పట్టుకుని గేటు దాకా వెళ్లాను. ఏబెల్ వరండాలో పేపరు చదువుకుంటున్నాడు, నన్ను చూడలేదు. పిలిస్తే చాలు. నోరు రాలేదు. సందు మలుపులో గిన్నె బోర్లిస్తే వీధికుక్క సగం తిని, తక్కింది వదిలేసి, నీళ్ల కోసం కాలువ వైపు పరుగెత్తింది. నోరులేని జీవం చెప్పింది, నోరున్న వెధవకి అర్థం కాలేదు. నేనైనా నాలుక్కి తగిలించి ఉండొచ్చు కదా? శనివారం! చికెన్ తినడానికి అడ్డొచ్చిన శనివారం అబద్ధమాడడానికి అడ్డు రాలేదు. ఇంటికొచ్చి, అంతా సరిపోయిందని ఏబెల్ చెప్పినట్టు చెప్పాను. ఆమె దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని చుట్టడానికి కూర్చుంది.

ఆదివారం హాల్లో రోల్స్ బంగారు రంగులో వేగాయి. కొరికినప్పుడు కరకరమన్న చప్పుడు నాకు వినబడింది కూడా. ఆ తర్వాతే ముఖాలు మారాయి. ఒట్టి ఉప్పు. ఒక్కొక్క కొరుకు కొరికిన రోల్స్ ప్లేట్లలో గుట్టలు పడ్డాయి. జనం నీళ్ల బాటిళ్ల మీద పడ్డారు. యోగానంద గారు కేకలేయలేదు. చెయ్యి మంచిదేనమ్మా, ఇంత పెద్ద పనికి ఇంకా కుదరలేదు అన్నారు. వంటగది వేరేవాళ్లకి వెళ్లిపోయింది.

తిరిగి వస్తూ ఆమె ఆటో ఏబెల్ గేటు ముందు ఆపమంది. ఏం అన్నా, అంత ఉప్పు నీ నాలుక్కి తెలీలేదా అని ఆమె అడిగింది. ఆయన ముందు తెల్లబోయాడు. తర్వాత ఆమె భుజం మీదుగా నన్ను చూశాడు. నా ముఖంలో అంతా రాసి ఉన్నట్టుంది, చదివేశాడు.

"జలుబు సేసింది తల్లీ. నాకు తెలీలేదు. తప్పు నాదే" అన్నాడు.

అప్పుడైనా నేను నోరు విప్పలేదు. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ రోజు నుంచి పంకజాక్షి ఆయనతో మాట్లాడలేదు. కుళాయి దగ్గర ఎదురుపడితే బిందె పట్టుకుని వెనక్కి వచ్చేసేది. రోల్స్ మానేసింది. తన చెయ్యి పోయిందంటూ మళ్లీ అదే బేకరీలో పఫ్‌లకి మైదా పిసకడానికి వెళ్తోంది. నాలుగు నెలలకి ఏబెల్ ఇల్లు ఖాళీ చేసి పులికాట్ సరస్సు పక్క తన చెల్లెలి ఊరికి వెళ్లిపోయాడు. సామాను ఎక్కిస్తూ రెండుసార్లు మా గుమ్మం వైపు చూశాడు. ఆమె తలుపు తీయలేదు.

పోయిన వారం బేకరీ నుంచి వచ్చి ఆమె మోచేతులకి నూనె రాసుకుంటుంటే నేను ఇక ఆగలేకపోయాను. గేటు, కుక్క, అబద్ధం, అన్నీ చెప్పేశాను. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆమె ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, ఏబెల్‌కి కలిపింది.

"అన్నా, నిజం చెప్పు. ఆ శనివారం గిన్నె నీ దగ్గరికి వచ్చిందా, లేదా?"

అవతల పడవ మోటారు చప్పుడు మధ్య ఆయన గొంతు వినబడింది.

"వచ్చిందమ్మా. నేను తిన్నాను. జలుబుకి నాకే రుచి తెలీలేదు. మునిచంద్రను ఏమీ అనొద్దు."

ఆమె ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఆయప్ప పొయ్యేటప్పుడు నేను తలుపు కూడా తీయలేదు. సూడు, ఇంకా నీకోసరం అబద్ధం చెప్తానే ఉండాడు" అంది.