నాన్న చెక్కిన రెండు పిస్తోళ్ళు

మా కొట్టుకి రెండు వీధుల అవతల ఉన్న మందుల షాపులో ఒక సాయంత్రం దొంగలు పడి షాపతన్ని కొట్టారు. ఆ వారమే నాన్న పిస్తోలు కొనాలనుకున్నాడు. ఆ సంగతి తేలేదాకా నేను కొట్టులో అడుగుపెట్టడానికి వీల్లేదని అమ్మ అదే వారం చెప్పేసింది.

నాన్న అంతకు ముందు కార్ల కంపెనీలో చెక్క నమూనాలు చేసేవాడు. ఎనభైల మొదట్లో ఆ ఉద్యోగం పోయింది. ఇల్లు డెట్రాయిట్ శివార్లలో ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే ఉంచి, సిటీ వైపు ఒక చిన్న కొట్టు తీసుకున్నాడు. పాలు, బ్రెడ్, సిగరెట్లు, పేపర్లు అమ్మేవాళ్ళం. నేను పొద్దున కాలేజీకి వెళ్ళి, సాయంత్రం నాన్న పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని ఏదో ఒకటి చదువుకునేదాన్ని. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు నోరు పెగిలేది కాదు. కొట్టులో మాత్రం ఏం మాట్లాడాలో ముందే తెలుసు. ధర చెప్పాలి, థాంక్స్ చెప్పాలి, గుడ్‌నైట్ చెప్పాలి. ఆ మూడు మాటలతో రోజూ ఎంతమందితోనో మాట్లాడేదాన్ని. అమ్మ వద్దన్న రోజు డైరీలో ఒక్క ముక్క కూడా రాయబుద్ధి కాలేదు.

పాత యజమాని పిస్తోలు కౌంటర్ కింద సొరుగులో ఉంచుకునేవాడట. నాన్నకి అది నచ్చలేదు. దొంగ వచ్చే వేళకి తను కూలర్ దగ్గర పాలు సర్దుతూ ఉంటే సొరుగు వెంట నడిచొస్తుందా అనేవాడు. చట్టం ప్రకారం మన కొట్టులో మనం ఒంటి మీదే పెట్టుకోవచ్చట, కాబట్టి జేబులోనే ఉండాలి. చలికాలమైతే దళసరి కోటు ఉంటుంది, ఏది పెట్టుకున్నా కనపడదు. వేసవిలో నాన్న వేసుకునేది పల్చటి ప్యాంటూ పొట్టి చేతుల చొక్కానూ. ఆ జేబులో ఇమిడేంత చిన్నది కావాలి.

తుపాకుల షాపుకి అమ్మ నన్ను కాపలా పంపింది. ఆ రోజే కొనెయ్యకుండా చూడమని. షాపు ముసలాయన గాజు బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి బల్లపరుపుగా, అరచేతిలో దాగిపోయే ఆటోమేటిక్. రెండోది పొట్టి ముక్కు రివాల్వర్. అయిదు గుళ్ళు పడతాయి, నడుము లావు, బరువెక్కువ. మొదటిదైతే రోజూ మోస్తావు, రెండోదైతే అవసరం వచ్చినప్పుడు నీ దగ్గర ఉన్నందుకు సంతోషిస్తావు అన్నాడు ఆయన. నాన్న జేబులోంచి టేపు తీసి రెండింటినీ అన్ని వైపులా కొలుచుకున్నాడు. బరువులు అడిగి రాసుకున్నాడు. అలాంటి బేరం ముసలాయన ఎప్పుడూ చూసి ఉండడు. నవ్వుతూ, తిప్పి చూడడానికి కూడా తనే సాయం పట్టాడు.

ఆ తర్వాత నాన్న గరాజులోంచి రాలేదు. మేపుల్ చెక్కలో రెండూ చెక్కాడు. లోపల తొలిచి చేపల గాలాలకి కట్టే సీసం ముక్కలు దట్టించాడు. బరువు సరిపోయిందో లేదో అమ్మ వంటింటి త్రాసులో చూశాడు. ఆ త్రాసుని అమ్మ సబ్బుతో కడిగి, మర్నాడు మళ్ళీ కడిగింది. రంగు మాత్రం వెయ్యలేదు, ఎవరైనా నిజమనుకుంటే ప్రమాదమని. ఒక వారం ఒకటి, మరో వారం మరొకటి జేబులో వేసుకుని తిరిగాడు. గడ్డి కోశాడు, భోజనానికి కింద కూర్చున్నాడు, కారు నడిపాడు. రివాల్వర్ వంతు వచ్చిన వారం, ఆదివారం నాడు దాన్ని తీసి ఇంట్లో పెట్టడం మర్చిపోయాడు. చర్చిలో తెలుగు ఆరాధనలో ప్రార్థనకి మోకరించినప్పుడు అది జారి చెక్క నేల మీద ఠక్కున పడింది. పక్క వరస ఆంటీ దాన్ని తీసి, చాలా బాగా చెక్కారన్నయ్యా, ఏ పిల్లాడికి అని అడిగింది. అమ్మ తల దించుకుని ప్రార్థన ఇంకాసేపు పొడిగించింది.

నేనూ ఊరుకోలేదు. లైబ్రరీలో చేతి తుపాకుల మీద ఉన్న రెండు పుస్తకాలూ తెచ్చాను. వాటి కింద ఒక నవలా పైన మరో నవలా పెట్టి కౌంటర్ దగ్గరికి వెళ్ళినా, అక్కడావిడ ఒక్కొక్కటే తీసి చూసి ముద్ర వేసింది. నా చెవులు కాలిపోయాయి. ఇంటికొచ్చి రెండూ అట్ట నుంచి అట్ట దాకా చదివాను.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం గరాజులో పరీక్ష పెట్టాం. ఇస్త్రీ బల్ల కౌంటర్, నేను దొంగ. నాన్న జేబులోంచి తీసి చూపించాలి. నేను బల్ల దగ్గరికి వచ్చి, ఎంత ప్రయత్నించినా నోట్లోంచి వచ్చిన మాట, "ఎక్స్‌క్యూజ్ మీ."

ఆ వేసవిలో అమ్మ నవ్వడం అదే మొదలు. నవ్వి నన్ను పక్కకి జరిపి, తనే అప్పడాల కర్ర పట్టుకుని దొంగయింది. డబ్బు తియ్యమని గదిమింది. నాన్న కుడి జేబులో చెయ్యి పెట్టాడు. రివాల్వర్ వెనక కొక్కెంలా లేచి ఉండే సుత్తి జేబు గుడ్డకి తగులుకుంది. ఆటోమేటిక్‌తో ప్రయత్నించాడు. అది బయటికైతే వచ్చింది గానీ చేతిలో కుదురుకోలేదు, తడబడి కింద పడింది. ఒకటి మార్చి ఒకటి మళ్ళీ మళ్ళీ చేశాడు. అమ్మ ముఖంలో నవ్వు పోయింది.

"ఇన్నిసార్లూ మీరు పోయినట్టే," అంది మెల్లిగా. "కొట్టు అమ్మేద్దామండీ."

నాన్న రివాల్వర్ బొమ్మ తీసుకుని, ఆకురాయితో ఆ సుత్తిని అరగదీయడం మొదలుపెట్టాడు. ఆకురాయి ఎడమ చేతిలో ఉంది. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఉలి, రంపం, సుత్తి, ఏదైనా నాన్నకి ఎడమ చెయ్యే. అన్నం, రాత, ఎవరికైనా ఏదైనా ఇవ్వడం మాత్రం కుడిచేత్తో. చిన్నప్పుడు నాయనమ్మ ఎడమ చేతికి గుడ్డ చుట్టి మరీ నేర్పించిందట. కొట్టులో కూడా అంతే. కుడిచెయ్యి ఖాళీ లేకపోతే చేతిలోది కింద పెట్టి, అప్పుడు చిల్లర ఇచ్చేవాడు.

"నాన్నా, ఎడం జేబులో పెట్టుకుంటే?" అన్నాను.

నాన్న ఆకురాయి ఆపి నావైపు చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కౌంటర్ మీంచి ఒక మనిషికి ఎడం చేత్తో ఎలా చూపిస్తామే?"

"శుభలేఖా అండీ అది, కుడిచేత్తో ఇవ్వడానికి?" అంది అమ్మ. అనేసి తనే ఇస్త్రీ బల్ల మీదికి వాలి నవ్వింది. నాన్నకి నవ్వు రావడానికి కొంచెం సమయం పట్టింది.

నవ్వాక సుత్తి అరగదీయడం ముగించి, రివాల్వర్‌ని ఎడమ జేబులో పెట్టుకున్నాడు. అమ్మ కర్ర ఎత్తి డబ్బు అన్న మాట పూర్తి చేసేలోపే చెక్క ముక్కు బల్ల మీదికి వచ్చేసింది. ఉలి పట్టుకున్నప్పుడు ఉండే చెయ్యి అది. మళ్ళీ చేయించింది అమ్మ. మళ్ళీ వచ్చింది. ఆటోమేటిక్ కూడా బాగానే వచ్చింది గానీ, అప్పుడు నేను చదివింది గుర్తొచ్చి నోరు విప్పాను. కాల్చే ముందు దించాల్సిన దాని సేఫ్టీ మీట ఎడమ పక్కన ఉంటుంది, కుడిచేతి బొటనవేలు కోసం పెట్టింది. నాన్న ఆ మీటని కూడా చెక్కి ఉంచాడు. ఎడమ చేత్తో పట్టుకుని వేలితో వెతికాడు, అందలేదు. రివాల్వర్‌కి మీటే లేదు. ట్రిగ్గర్ లాగడమే, ఏ చెయ్యి అయినా ఒకటే. నాన్న ఆటోమేటిక్ బొమ్మని పనిముట్ల అరలో పెట్టేశాడు.

పోలీసుల దగ్గర పర్మిట్ తీసుకుని మళ్ళీ ఆ షాపుకి వెళ్ళాం. సుత్తి అరగదీసిన బొమ్మని నాన్న గాజు బల్ల మీద పెట్టి, సరిగ్గా ఇలాంటిది ఉందా అని అడిగాడు. ముసలాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, లోపల్నుంచి సుత్తి బయటికి కనపడని రివాల్వర్ తెచ్చాడు. బొమ్మ కూడా అమ్ముతావా అన్నాడు. నాన్న సిగ్గుపడి ఇవ్వనన్నాడు.

అమ్మ నాన్న ప్యాంట్లన్నిటికీ ఎడమ జేబులు విప్పి, పాత టెంటు గుడ్డతో లోతుగా మళ్ళీ కుట్టింది. నాన్న కొన్ని ఆదివారాలు షూటింగ్ రేంజికి వెళ్ళి నిజం దానితో నేర్చుకున్నాడు. అప్పుడు కూడా నన్ను కొట్టుకి రానివ్వలేదు. ముందు తను కొట్టులో కూర్చుని చూడాలంది అమ్మ.

ఒక సాయంత్రం ముగ్గురం వెళ్ళాం. కొట్టులో ఫ్యాన్ తిరుగుతున్నా ఉక్కపోత. అమ్మ నా స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడి చేతుల వైపే చూసింది. నేను గుమ్మం దగ్గర పేపర్లు సర్దుతూ అమ్మని చూశాను. ఒకాయన పాలు కొన్నాడు, ఇద్దరు సిగరెట్లు. ఒక ముసలావిడ నన్ను గుర్తుపట్టి ఇన్నాళ్ళూ ఏమైపోయావని అడిగింది. నాన్న కుడిచేత్తో చిల్లర ఇస్తున్నాడు. ఎడమ చెయ్యి ఊరికే తొడ పక్కన వేలాడుతోంది. జేబు ఎత్తుగా కనపడనే లేదు. కాసేపటికి అమ్మ స్టూలు దిగి, బిస్కెట్ల వరస బాగాలేదని తీసి మళ్ళీ పేర్చసాగింది. గుమ్మం వైపు వీపు పెట్టే పేర్చింది.

మూసే వేళ అయింది. నాన్న లైట్లు ఆర్పుతుంటే అమ్మ చేతులు దులుపుకుంటూ నాతో అంది, "రేపు నాకు పనుంది, నేను రాను. మీరిద్దరూ వచ్చేటప్పుడు పెరుగుకి పాలు పట్టుకురండి."