లెక్క సరిపోతేనే కదిలే ఓడ

పోయిన నెల ఒక ఉదయం నేను డాబా మీద బట్టలు ఆరేస్తుండగా దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "చిన్నబాపు పోయిండు" అని ఆగిపోయారు. చేతిలో ఉన్న తడి దుప్పటిని నాలుగు మూలలూ కలిపి, మళ్లీ సగానికి మడిచి పిట్టగోడ మీద పెట్టాను. తడి దుప్పటిని ఎవరైనా మడతపెడతారా? ఆ మడత నాకు నేర్పింది ఆ చిన్నబాపే.

నాకు ఆయన చిన్నమామ, మా మామగారి తమ్ముడు. ఇరవై రెండేళ్లు విహార నౌకల్లో గదులు సర్దే పని చేశారు. పెళ్లి చేసుకోలేదు. పని మానేశాక ఇబ్రహీంపట్నంలో మా ఇంటికే వచ్చేశారు. పెద్దచెరువు కట్ట మీద పిల్లల్ని ఒకచోట నిలబెట్టి, అడుగులు లెక్కపెట్టుకుంటూ దూరం పోయి, "అగో, గాడికెల్లి గీడిదాంక మా ఓడ!" అని కేకవేసేవారు. తువ్వాలు ఇస్తే మడిచి ఏనుగును చేసి పిల్లల పరుపు మీద కూర్చోబెట్టేవారు.

"సముద్రం ఎట్లుంటది మామా?" అని ఒకసారి అడిగాను.

"ఏమో బిడ్డా. గదికి అద్దాల తలుపుంటుండె. దుప్పటి పరిచేటంత సేపే నాకు సముద్రం. మల్ల పక్కగది."

నవ్వుతూనే అన్నారు. ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక. అలాంటి గదిలో ఆయనను అతిథిగా కూర్చోబెట్టి, ఆయన పక్కన నిలబడి తనివితీరా సముద్రం చూడాలని.

ఆయన వచ్చిన కొత్తలో కోహెడలో పెళ్లికి రెండు బండ్లలో వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు మా అత్తమ్మను అక్కడే మరచిపోయాం. వెనక బండిలో ఉందని మేం, ముందు బండిలో ఉందని వాళ్లు. చిన్నమామకు కోపం వచ్చింది. "వేల మందిల ఒక్కరు తక్కువున్నా మా ఓడ కదలకపోతుండె. తొమ్మిది మందిని లెక్కవెట్టుకోరాదా మీకు?"

మర్నాటి నుంచి మా ఇంట్లో ఓడ కవాతు మొదలైంది. అత్తమ్మ అరుగు మీద, పిల్లలిద్దరూ సీతాఫలం చెట్టు కింద, మరిది వాళ్లు ముగ్గురూ గేటు పక్కన, మా ఆయన మెట్ల దగ్గర, నేను నల్లా పక్కన. విజిల్ ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా ఊదితే ఎవరి జాగాలోకి వాళ్లు రావాలి. ఎనిమిది మందిని వేలితో లెక్కపెట్టి, చివర తన ఛాతీ మీద తట్టుకుని "తొమ్మిది" అనేవారు. మళ్లీ విజిల్ ఊదేదాకా ఎవరూ కదలకూడదు. ఏ ఊరికి బయలుదేరినా ఇదే తంతు. చదివేవారికి పిచ్చిగా తోచవచ్చు.

"పాలు పొంగుతున్నయ్ మామా!" అని ఓసారి నల్లా పక్క నుంచే అరిచాను.

"పొంగనియ్యి. ఓడ మునిగినంక పాలెవరు తాగుతరు?"

"ఈయన ఓడ దిగిండు గని, ఓడ ఈయన్ని దిగలే" అని అత్తమ్మ అరుగు మీద నుంచి చురక అంటించేది. కానీ ఆవిడ కూడా కదిలేది కాదు.

చెన్నైలో ఓడ ఎక్కి నాలుగు రోజులు తిరిగి వద్దామని అందరం అనుకున్నాం. తీసుకెళ్లాల్సిన సామాన్ల జాబితా నేనే రాసిపెట్టాను. ఒక ఏడు పెద్దవాడి పరీక్షలు, ఒక ఏడు అత్తమ్మ మోకాళ్లు. ఈ ఏడు ఏ అడ్డూ లేదు. "ఇంటికి రంగులేయించాలె, వచ్చే ఎండాకాలం పోదాం మామా" అన్నది నేనే.

"అవ్, గట్లనే కానియ్యి బిడ్డా. ఓడ యాడికి పోతది?" అన్నారు.

ఆయన పోయిన రోజు వైకుంఠరథం గేటు ముందు ఆగింది. బంధువులు వాకిలి నిండా ఉన్నారు. ఆయనను లోపలికి ఎక్కించాక చూస్తే, అత్తమ్మ అరుగు మీద ఉంది, పిల్లలు చెట్టు కింద, మరిది వాళ్లు గేటు పక్కన. నేను నల్లా పక్కన. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మెట్ల దగ్గర నిలబడిన మా ఆయన ఒక్కొక్కరినే చూస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. ఎనిమిది దగ్గర ఆగిపోయాయి.

"పోదామా అన్నా?" అని డ్రైవర్ అడిగాడు.

మా ఆయన అత్తమ్మ దగ్గర నుంచి ఇంకోసారి లెక్కపెట్టారు. చివరికి తల ఊపి మరిదితో కలిసి బండెక్కారు. లెక్క సరిపోకుండానే బండి కదిలింది.

అది మలుపు తిరిగి కనిపించకుండా పోయాక కూడా, అత్తమ్మ అరుగు మీదే, పిల్లలు చెట్టు కిందే, నేను నల్లా పక్కనే ఉన్నాం. విజిల్ ఇంకా ఊదలేదు.