పెట్రోలు మూత మీద లక్క ముద్ర

రాజముద్రల కాలం నిజాంతోనే ముగిసిందని చరిత్ర రాసినవాళ్లు కొంత తొందరపడ్డారు. వరంగల్ బజారులో నూనెల వ్యాపారి సారంగపాణి ఆ సంప్రదాయాన్ని డెబ్బైల చివరిదాకా ఒంటిచేత్తో నిలబెట్టాడు. పొద్దున స్నానం కాగానే కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి, ఇంట్లో మూత ఉన్న ప్రతిదానికీ గుడ్డ చుట్టి ఇత్తడి ముద్ర వేసేవాడు. నెయ్యి డబ్బా, బెల్లం కుండ, చివరికి భార్య శకుంతల పెట్టిన మామిడికాయ తొక్కు జాడీ.

“తొక్కు ఏసుకొని అన్నం తినాల్నంటె పంచనామా జెయ్యాలె మా ఇంట్ల,” అనేది శకుంతల.

తండ్రి పోయిన ఏడాదే ఒక గుమాస్తా దుకాణంలో నూనె మాయం చేశాడు. అప్పటి నుంచి సారంగపాణికి లోకంలో దొరికిన దొంగలు, ఇంకా దొరకని దొంగలు తప్ప మూడో రకం కనిపించలేదు.

పాత అంబాసిడర్ కొన్నాక డ్రైవరు కట్టయ్య రెండో రకంలో చేరాడు. పల్లికాయ బేరానికి వర్ధన్నపేట పోయొస్తే పెట్రోలు మరీ ఎక్కువ తాగుతోందని సేటు అనుమానం. దాంతో టాంకు మూతకూ గుడ్డ, లక్క, ముద్ర పడ్డాయి.

ఆ మరునాటి నుంచి కారు దారిలో ఆగడం మొదలైంది. మామునూరు దాటగానే దగ్గి, ఊగి, నిలబడేది.

“పెట్రోలు అందుతలేదు సేటూ.”

“అందకుండ ఎవలు జేసిన్రు?”

“నాకేమెర్క? నేను బండి తోల్తాన గని తాగుతానా?”

సారంగపాణి దిగి, ముద్ర పగలగొట్టి, మూత తీసి, పుల్ల ముంచి చూసేవాడు. పెట్రోలు నిండుగా ఉండేది. కారు బుద్ధిగా కదిలేది. జేబులోని లక్కతో మళ్లీ ముద్ర వేస్తే, ఇంకొంత దూరం పోయి మళ్లీ ఆగేది. తాను తనిఖీ చేస్తేనే నడుస్తోందంటే ఇది డ్రైవరు నాటకం కాక మరేమిటి?

కారును మెకానిక్ వీరభద్రం షెడ్డుకు పంపాడు. మెకానిక్ మాత్రం తక్కువవాడా అని, ముందుగా తానే ముద్ర తీసేసి, పెట్రోలు కొలిచి పంపాడు. వీరభద్రం పంపు విప్పాడు, కార్బురేటర్ కడిగాడు, పైపు ఊది చూశాడు, ఊరంతా తిప్పొచ్చాడు. కారు ఎక్కడా ఆగలేదు.

“బండికేం బీమారి లేదు సేటూ, ఫికర్ జెయ్యకు.”

డ్రైవరూ మెకానిక్కూ కలిసిపోయారని సేటుకు తేలిపోయింది. ఇంటికి రాగానే మూతకు మళ్లీ ముద్ర పడింది.

మరునాడు బయల్దేరేటప్పుడే సారంగపాణి తీర్పు చెప్పేశాడు. “ఇయ్యాల ఆగిందనుకో, తాళంచెవి నా చేతుల వెట్టి ఇంటికి నడువు.”

దొంగ అని పేరు పడ్డ డ్రైవరుకు వరంగల్లులో ఇంకో సేటు కారు ఇవ్వడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మామునూరు దాటాక కారు దగ్గింది. కట్టయ్య తాళంచెవి ఇచ్చి, తువ్వాల భుజాన వేసుకుని, వచ్చిన దారినే నడిచాడు.

ఆఖరి సాక్ష్యం కోసం సారంగపాణి కారు వెనక్కి వెళ్లాడు. ఇన్నాళ్లూ ఒక కన్ను కట్టయ్య మీద ఉంచి మూత తీసేవాడు. ఇప్పుడు రెండు కళ్లూ మూతకే దక్కాయి. తిప్పగానే టాంకు సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. గుడ్డ ఒలిచి చూస్తే మూతకు సన్నటి రంధ్రం. రోజూ ముద్ర సరిగ్గా దాని మీదే పడుతోంది.

సారంగపాణి చిన్నప్పటి నుంచీ నూనె డబ్బాలకు రెండు చిల్లులు పెడుతున్నాడు. ఒకటి నూనె రావడానికి, ఒకటి లోపలికి గాలి పోవడానికి. రెండోది మరిచిన గుమాస్తాను గాడిద అనేవాడు. ఇప్పుడు ఆ మాట ఎవరిని అనాలా అని చుట్టూ చూశాడు. దగ్గర్లో తాను తప్ప ఎవరూ లేరు.

“కట్టయ్యా! ఓ కట్టయ్యా! జర ఆగు!”

కట్టయ్య ఆగాడు గానీ వెనక్కి రాలేదు. “ఏంది సేటూ? జేబులు సూత్తవా?”

సారంగపాణే రొప్పుతూ దగ్గరికి నడిచాడు. “ఈ నడుమ లక్క మంచిది వస్తలేదు,” అన్నాడు గంభీరంగా, తాళంచెవి చాపుతూ. “మూతకు ఇగ ముద్ర వద్దు.”

కట్టయ్య తువ్వాలతో మొహం తుడుచుకుని చెయ్యి చాపాడు.

వర్ధన్నపేట ఇంకా చాలా దూరం ఉంది. సారంగపాణికి కారు నడపడం రాదు.