ఈశాన్యం బావి, నా చెదల మందు

నా ఈడు కుర్రాళ్లంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరి రాత్రికి రాత్రే ఇంజనీర్లయిపోతున్న ఆ రోజుల్లో, మట్టిశాస్త్రం చదివిన నాబోటివాణ్ణి పలకరించే దిక్కు లేదు. ("మట్టిలో చదవడానికేముందిరా?" అనేవాడు మా బాబాయి.) చివరికి జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతగారి బంగళాలో పచ్చిక పెంచే ఉద్యోగం దొరికింది. ఆయన కొత్త సినిమా ముహూర్తం ఆ పచ్చిక మీదే. సరిగ్గా వారం ముందు చెదలు పట్టి గడ్డి పాలిపోయింది. నేను గుంటూరు నల్లరేగడిలో పెరిగినవాణ్ణి. మందు పోస్తే జానెడు లోతులోనే మట్టి పట్టేసుకుంటుందని ధీమా. డబ్బా మీద రాసినదానికి రెట్టింపు కలిపి, నైరుతి మూలంతా తడిపేశాను.

ఆ వెంటనే మూడు రోజులు ముసురు పట్టింది. ముహూర్తం నాటి ఉదయం గేటు దాటి లోపలికి వెళ్లాను. ఎండ కాస్తోంది, గడ్డి మెరుస్తోంది, కానీ ఎక్కడా చప్పుడు లేదు. ఒక్క తూనీగ లేదు. ఈశాన్యం మూల పాత బావి దగ్గర, బోరబండ నుంచి తోటపనికి వచ్చే ముసలామె (అందరూ తోటమ్మ అనేవారు) కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"సారూ, బాయిల కప్పలు అరుస్తలేవు. ఏమైందో సూద్దామని గట్టు మీద బెల్లం పెట్టి రెండు పొద్దులాయె, ఒక్క చీమ ముట్టలే. లోపలికి సూడాలంటే భయమైతాంది. ఏదో గాలి సోకింది గీడ," అంది గుసగుసగా.

నేను తొంగి చూశాను. నల్లటి నీళ్ల మీద కప్పలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. నాకూ దయ్యమనే అనిపించింది (శాస్త్రం చదివినవాడు భయపడకూడదని ఏ పుస్తకంలోనూ లేదు). వెనక్కి తగ్గబోతే కాలి కింద మట్టిపెళ్ల ఊడింది. చేతిలోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి రవ్వలా జారిపోయింది. రేగడి కాదు, ఎర్రమొరం. దాని కింద నెర్రెలు విచ్చిన బండ. వాస్తు ప్రకారం స్థలమంతా ఈశాన్యానికి వాలుగా చేయించారు. నేను పోసిన మందు, పట్టి ఆపే బంకమట్టి లేక, వాననీళ్లతో కలిసి ఆ నెర్రెల్లోంచే బావిలోకి దిగింది.

అంతలో పందిరి వైపు నుంచి పంతులుగారి గొంతు వినిపించింది. "ఈశాన్య జలం, మోటారేసి పట్టించాను. తీర్థం తీసుకోండి బాబూ."

నిర్మాతగారు అరచెయ్యి చాచారు. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. విప్పకపోతే ఏం పోతుందో తలచుకోవడానికి ధైర్యం చాల్లేదు. పరుగెత్తి కలశం లాక్కుని గడ్డిలో ఒంపేశాను (మళ్లీ ఆ మట్టిలోకే, బుద్ధి ఎక్కడికి పోతుంది!).

"తాగకండి సార్. నేను పోసిన చెదల మందు అందులోకి దిగిందండీ."

కెమెరా ముందు నిలబడ్డవాళ్లంతా రెండడుగులు వెనక్కి జరిగారు. నిర్మాతగారు చాచిన అరచెయ్యి తిప్పి, దాంతోనే చాలా మర్యాదగా గేటు చూపించారు.

గేటు దాకా తోటమ్మ వెంట వచ్చింది. "అమ్మా, నువ్వు ఆ నీళ్లు తాగావా?" అన్నాను.

"చీమ ముట్టని కాడ నేను ముడ్తనా?" అని, నన్ను ఎగాదిగా చూసింది. "అయితే గా దయ్యం నువ్వేనా సారూ? నేను నిమ్మకాయలు గిట్ల తెద్దామనుకున్న."

ఇప్పుడు రైతులు నన్ను పిలిచి సలహా అడుగుతారు. ముందుగా బావిగట్టు మీద ఇంత బెల్లం పెట్టి, పక్కన కూర్చుంటాను. పెద్దాయనకు చాదస్తమనుకుంటారు, అనుకోనీ. రెట్టింపు మందు కలిపి మీసం తిప్పిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. కాకపోతే, ముందు చీమ రావాలి.