మూడో అధ్యాయంలోనే తీరిపోయిన అనుమానం

ఆ మధ్య ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, మా సంఘం మాసపత్రిక పని చూసే పంతులమ్మ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. ఎప్పుడో మా అత్త రాసిన నవలను మళ్ళీ అచ్చు వేస్తున్నారట, దాని మీద నేనొక పేజీ రాయాలట. కాగితం మధ్యలో నిలువుగా గీత. ఒక పక్క ‘బలాలు’, ఇంకో పక్క ‘బలహీనతలు’. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి దిగిపోయినదాన్ని, పేపర్లు దిద్ది దిద్ది చెయ్యి కాయలు కాసినదాన్ని, నాకిదొక పనా అనుకున్నాను. వారం దాటింది. కాగితం ఇంకా ఖాళీగానే ఉంది.

అత్త అంటే మా నాన్నకు అక్క. అనకాపల్లిలోనే నర్సుగా పనిచేసింది. పెళ్ళి మాట తలపెట్టకుండా తమ్ముళ్ళిద్దరినీ తన చేతుల మీద పెంచింది. పెద్ద తమ్ముడు మా నాన్న. చిన్న తమ్ముడు, అంటే మా చిన్నాన్న, బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసేవాడు, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఒకసారి ఆ హార్మోనియం పోయింది. తాళంచెవి ఉండేది చిన్నాన్న దగ్గర. సంఘపెద్దలు అత్తను నిలబెట్టి, మీ తమ్ముడి సంగతి నువ్వేమంటావమ్మా అని అడిగారు. ఊరందరికీ మంచీచెడ్డా చెప్పే అత్త, ఆ పూట తల దించుకుని ఊరుకుంది. దొంగతనం మోపినవాళ్ళను చిన్నాన్న పట్టించుకోలేదు గానీ, అక్క ఊరుకోవడాన్ని మాత్రం తట్టుకోలేకపోయాడు. దొంగా దొరకలేదు, హార్మోనియమూ దొరకలేదు. పదేళ్ళు ఆయన చర్చి గడప తొక్కలేదు, అక్కతో మాట్లాడలేదు. అత్త ఎదురుగా వస్తుంటే పక్కసందులోకి తిరిగిపోయేవాడు.

ఉత్తరం రాస్తే విప్పకుండానే తిప్పి పంపేవాడు. బైబిలు ఇస్తే పుచ్చుకోడు. ఆయన చదివేవల్లా స్టేషన్ దగ్గర దొరికే డిటెక్టివ్ నవలలు. అందుకని మా అత్త, జన్మలో అలాంటి పుస్తకం ఒక్కటీ ముట్టుకోని మనిషి, అరవై దాటాక సస్పెన్స్ నవల రాయడానికి కూర్చుంది. అదీ క్రైస్తవ సస్పెన్స్ నవల! తమ్ముడు చదువుతాడు, చదివి వస్తాడు, అదొక్కటే ఆవిడ ఆశ. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

రాతప్రతి దిద్దింది నేనే. కథలో చర్చి గంట మాయమవుతుంది. గంట కొట్టేవాడి మీద అనుమానం పడుతుంది. బలాలు లేకపోలేదు. వార్డు బయట కబురు కోసం కూర్చున్నవాళ్ళను ఏళ్ళ తరబడి చూసిన మనిషి కదా, ఎదురుచూపులు ఎంత బాగా రాసిందంటే, కథలో ఎవరో తలుపు తడితే నా చేతిలో టీ ఒలికిపోయింది. బలహీనతలంటారా, బోలెడు. ప్రార్థనలో కళ్ళు మూసుకోనివాడు కనబడగానే వీడే దొంగ అని చంటిపిల్లకైనా తెలిసిపోతుంది. ఇన్‌స్పెక్టరు తలుపు బద్దలుకొట్టే ముందు మోకాళ్ళూని రెండు పేజీలు ప్రార్థన చేస్తాడు. ఈలోగా దొంగ నర్సీపట్నం దాటిపోడూ! అన్నిటికీ మించి, మూడో అధ్యాయంలోనే గంట కొట్టేవాడి అక్క సంఘమంతటి ముందూ లేచి, నా తమ్ముడు అలాంటివాడు కాడని చెప్పేస్తుంది. అందరూ నమ్మేస్తారు. ఇంక సస్పెన్సేముంది, నా తలకాయ! ఈ సంగతి ఆఖరి అధ్యాయం దాకా ఆపాలి అని ఎర్రసిరాతో రాసి ఇచ్చాను. అత్త కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“ఆడు పదేళ్ళు మోసేడే. మళ్ళీ రెండొందల పేజీలు మోయమంటావేటి?” అంది.

నేను రాసింది నేనే కొట్టేశాను.

అచ్చయిన పుస్తకం మార్కెట్‌కి పట్టుకెళ్ళిందీ నేనే. చిన్నాన్న అట్ట మీద అక్క పేరు చూశాడు. దాన్ని బెల్లం దిమ్మల పక్కన పడేసి కాటా వైపు తిరిగాడు. అత్తకు ఆ ముక్క చెప్పడానికి నోరు రాక, పుచ్చుకున్నాడని మాత్రం చెప్పాను. రెండు నెలలు గడిచాయి. అత్త ఒక్కసారి కూడా అడగలేదు గానీ, వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, చేస్తున్న పని ఆపేసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేనూ అత్తా భోజనాలకు కూర్చోబోతుంటే చిన్నాన్న వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడి, చంకలోంచి పుస్తకం తీసి తప్పులు ఏకరువు పెట్టడం మొదలెట్టాడు. పోలీసులు అలా మాట్లాడరన్నాడు. అడుగడుక్కీ బైబిలు వాక్యాలేమిటన్నాడు. అత్త చేతులు కట్టుకుని బుద్ధిగా విన్నది. చివరికి అసలు మాటకొచ్చాడు.

“మూడో అధ్యాయంలోనే అనుమానం తీసేసేవు. తరవాత ఇంకెవుడు సదువుతాడక్కా?”

అత్త పుస్తకం అందుకుని వెనకనుంచి తిప్పింది. ఆఖరి పేజీ మూలన, బెల్లం అంటిన బొటనవేలి ముద్ర.

“నువ్వు సదివేవు కదరా,” అంది. ఆ ముద్ర మీద చెయ్యి వేసి ఏడ్చేసింది.

చిన్నాన్న చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. నేను ఇంకో కంచం పెట్టాను.

ఇప్పుడు ఇద్దరూ లేరు. పుస్తకం నా దగ్గరే ఉంది, ఆఖరి పేజీ మూల మాత్రం చీమలు తినేశాయి. పంతులమ్మ నిన్న మళ్ళీ కబురు పెట్టింది. మూడో అధ్యాయాన్ని ఏ పక్కన వేయాలో తేలక, చివరికి ఆ గీత మీదే రాశాను: ‘ఆ అక్క లేచి చెప్పిన మాట నవలలో తొందరపడి వచ్చింది. మా ఇంటికి రావడానికి పదేళ్ళు పట్టింది.’